మహిళా సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షురాలి గారికి, కమిటీ సభ్యులకు, లంకల నుంచి పడవ దాటి వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. గత సర్వసభ్య సమావేశంలో మనం ఒకే ఒక్క తీర్మానం చేసుకున్నాం: ఈ ఏడాదంతా గర్భిణుల బీపీ మీద, వాళ్ళు తినే తిండి మీద పనిచేయాలని. కుట్టు శిక్షణ, ముగ్గుల పోటీ, వినాయక చవితి అన్నదానం ఎప్పటిలాగే జరిగాయి. వాటికి ఇక్కడ ఇంతకంటే చోటు ఇవ్వలేను, నిర్వాహకులు మన్నించాలి.

ముందుగా కృతజ్ఞతలు. ఊళ్ళో ఆరోగ్యం చూసే మన ఏఎన్‌ఎం అమ్మాయి సెలవు రోజుల్లో కూడా బీపీ మిషన్ భుజాన వేసుకుని మనతో తిరిగింది. ఆశా కార్యకర్తలు ముగ్గురూ ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో వేళ్ళ మీద లెక్క చెప్పేవారు. అంగన్‌వాడీ టీచర్లు, రెండు బీపీ మిషన్లు కొనిపెట్టిన కొబ్బరి వ్యాపారి గారు, రేవు దాటించే పంటు నడిపే సోదరులు, కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చిన దేవస్థానం వారు, వంటకు రాగిపిండి ఇచ్చిన పిండిమర ఆయన, ఇంకా పేరు చెప్పొద్దన్న ఇద్దరు విశ్రాంత నర్సులు, అందరికీ సంఘం రుణపడి ఉంది.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నామో కొత్త సభ్యుల కోసం చెప్పాలి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారే, అది గాలి సోకడం కాదు, ధూళి కాదు. ఐదో నెల దాటాక, అంటే 20 వారాల తర్వాత, బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ చేరి, మూత్రంలో ప్రొటీన్ పడుతుంటే దాన్ని డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా పోతుంది. తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. మా చిన్న వదిన అలాగే పోయింది. తలనొప్పి తలనొప్పి అని రెండు రోజులు అంటే తలకు అమృతాంజనం రాసి పడుకోబెట్టాం. ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా ఊరుకుంటే తప్పు మనదే అవుతుంది.

తిండి విషయంలో ఈ ఏడాది ఇంటింటికీ తిరిగితే ఒకే మాట వినిపించింది: "కాళ్ళకు నీరు పట్టింది, ఉప్పు మానిపించేశాం." చప్పిడి అన్నం, పల్చటి చారు, అంతే. దానికితోడు ఎక్కువ తింటే బిడ్డ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని, ఐరన్ మాత్రలు వేస్తే బిడ్డ నల్లగా పుడుతుందని భయాలు. ఉప్పు మానేసినంత మాత్రాన ఈ జబ్బు రాకుండా ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీని నివారణకు గర్భిణులకు ఉప్పు తగ్గించమని చెప్పడం లేదు. పైగా అయోడిన్ ఉప్పు పూర్తిగా మానేస్తే బిడ్డ మెదడుకు కావలసిన అయోడిన్ కూడా పోతుంది. అలాగని ఎండుచేపలు, ఊరమిరపకాయలు, అప్పడాలు, రెండు పూటలా మాగాయ వేసుకోమని కాదు. ఎవరికైనా రోజు మొత్తం మీద ఒక టీ చెంచా ఉప్పు చాలు, గర్భిణికీ అంతే.

అసలు లోటు కాల్షియం దగ్గర ఉంది. వరి పండించే చోట పుట్టి అన్నం మీదే బతికే వాళ్ళం మనం. పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాముల దగ్గరే. అదే 100 గ్రాముల రాగుల్లో 350 వరకు, మునగాకులో 300 పైన ఉంటుంది. గర్భిణికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. కాల్షియం తక్కువ తినే ప్రాంతాల్లో గర్భిణులకు అది మాత్రల రూపంలో ఇస్తే ప్రీ ఎక్లాంప్సియా తగ్గుతుందని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. అందుకే ప్రభుత్వం నాలుగో నెల నుంచి రోజుకు రెండు 500 మిల్లీగ్రాముల మాత్రలు ఇవ్వమంటోంది. మన ఇళ్ళలో అవి అలమరలో సీసాల్లో నిండుగా ఉన్నాయి. ఎందుకమ్మా అంటే "ఐరన్‌తో కలిపి వేసుకుంటే వికారం" అంటారు. కలిపి వేసుకోకూడదు కూడా. కాల్షియం అన్నం తిన్నాక, ఐరన్ కనీసం రెండు గంటల ఎడంతో, టీ కాఫీలు లేకుండా. ఈ ఒక్క మాట చెప్పడానికి నూట పది గడపలు ఎక్కాం.

ఇంకొకటి కూడా గట్టిగా చెప్పాలి. తిండి సరిగ్గా తిన్న అమ్మాయికి కూడా బీపీ రావచ్చు. తొలిచూలు, కవలలు, ముందు నుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, తల్లికో అక్కకో వచ్చి ఉండటం, వీటిలో ఏదైనా ఉంటే ముప్పు ఎక్కువ. కాబట్టి "నువ్వు తిన్న ఆవకాయ వల్లే వచ్చింది" అని కోడలి మీద నింద వేయకండి. ముప్పు ఎక్కువ ఉన్న వాళ్ళలో కొందరికి డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ముందు నుంచే రాస్తారు. అది మనంతట మనం కొనుక్కుని వేసుకునేది కాదు.

ఇక మన సామూహిక సీమంతం. నా కార్యదర్శి పదవిలో ఇంతకంటే గర్వపడే రోజు లేదు. శ్రావణ మాసంలో ముప్పై ఒక్కమంది గర్భిణులు పట్టుచీరలతో మండపంలో కూర్చున్నారు. చలిమిడితో పాటు నువ్వులుండ, గాజులతో పాటు బీపీ చీటీ ఇవ్వాలని ముందే అనుకున్నాం. భోజనంలో అన్నం సగం, ముద్దపప్పు, మునగాకు వేపుడు, ముళ్ళతో సహా నమలగలిగే చిన్న చేపల పులుసు, శాకాహారులకు గుమ్మడికాయ కూర, అందరికీ గడ్డపెరుగు.

ప్రతి ఒక్కరినీ ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి, కాళ్ళు నేల మీద ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టించి బీపీ చూశాం. తొమ్మిదో నెంబరు అమ్మాయికి రెండు చేతులకూ వంకీలు. బీపీ పట్టీ కట్టడానికి ఒకటి తీయమంటే అత్తగారు ఒప్పుకోలేదు, శుభకార్యంలో ఒంటి మీద బంగారం తీయడమేమిటన్నారు. మన నర్సమ్మ ఆవిడ పక్కన కూర్చుని నెమ్మదిగా నచ్చజెప్పి తీయించారు. వంకీ కింద చర్మం మీద లోతుగా గాడి పడి ఉంది. వేలి ఉంగరం అయితే సబ్బు రాసినా రాలేదు. బీపీ 160/110. పావుగంట ఆగి మళ్ళీ చూశాం, అంతే ఉంది. తలనొప్పిగా ఉందా అంటే "మూడు రోజుల్నుంచి, ఎండకేమో" అంది. కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయని తనే చెప్పింది. నెల రోజులుగా ఇంట్లో చప్పిడి అన్నం పెడుతున్నారట, వాపు తగ్గడానికి.

పేరంటం మధ్యలో 108 పిలిచాం. సన్నాయి ఆపించలేదు, మిగతా అమ్మాయిలు టెన్షన్ పడతారని. ఆస్పత్రిలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఇచ్చి, బీపీ తగ్గించి, రెండు రోజులకు ఆపరేషన్ చేశారు. రెండు కిలోల పాప. ఆ అత్తగారే ఇప్పుడు మన వీధి సమావేశాల్లో ముందు వరుసలో కూర్చుంటున్నారు. ఇవాళ పాపను ఎత్తుకుని వచ్చారు కూడా, తలుపు పక్కన ఉన్నారు.

జులై గోదావరి వరదలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజే నెలలు నిండిన నలుగురిని గట్టు దాటించాం. మిషన్‌ను పాలిథిన్ సంచిలో చుట్టి పడవలోనే బీపీ చూసింది మన ఏఎన్‌ఎం. ఈ పనికి పేరిచ్చిన సభ్యులు పద్దెనిమిది మంది. రేవు దగ్గరికి వచ్చినవాళ్ళు ఐదుగురు. మిగతావాళ్ళ ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. బాధగా ఉంది కాబట్టే రాస్తున్నాను.

అధికారుల సంగతి. కాల్షియం మాత్రలు ఒక కేంద్రంలో వరుసగా రెండు నెలలు లేవు. అర్జీ ఇచ్చాం, మళ్ళీ ఇచ్చాం, "పై నుంచి రావాలి" అన్నారు. సీమంతానికి వస్తానన్న అధికారి కోసం గంటన్నర ఆగాం. కడుపుతో ఉన్నవాళ్ళను ఆకలితో కూర్చోబెట్టినందుకు కమిటీ తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను. ఇకపై ఎవరి కోసమూ వడ్డన ఆపేది లేదని కమిటీలో రాసుకున్నాం.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఆడిటరు సంతకం అయింది, నకలు నోటీసు బోర్డు మీద ఉంది. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివారు ఇవాళే కట్టగలరు.

వచ్చే ఏడాదికి కమిటీ అడుగుతున్నది తక్కువే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆ రోజు ఒక్కో వీధి నుంచి ఒక సభ్యురాలు తోడు వెళ్ళాలి. అలాగే కాన్పు అయ్యాక మన పని అయిపోయిందనుకోవద్దు, ఫిట్స్ బాలింతకు కూడా రావచ్చు. పురిటి పత్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్ళకు ఆరు వారాల దాకా వెళ్ళి బీపీ చూడాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారనివ్వకుండా 108కి ఫోన్ చేయాలి.

వీధుల వారీ జాబితా టీ బల్ల పక్కన పెట్టాం. రేవు వీధికీ, చెరువుగట్టుకూ ఎదురుగా ఇంకా పేర్లు లేవు. వెళ్ళేలోపు ఎవరైనా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి