సీసా మీద హెచ్చరిక తెలుగులో ఉండాలి: పేగుపూత రోగుల మూలికా మందులపై ఆయుష్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆయుష్ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఆగని విరేచనాలకు వాడే పాత మందుల్లో కర్పూర రసం ఒకటి. అందులో ఇంగిలీకం (పాదరసపు ఖనిజం), నల్లమందు కలుస్తాయి. రెండూ 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) కింద ఉన్న విష ద్రవ్యాలే. అందుకే 161వ నిబంధన ప్రకారం డబ్బా మీద ‘వైద్య పర్యవేక్షణలో వాడాలి’ అన్న హెచ్చరిక తప్పనిసరి. అయితే ఆ నిబంధన అడిగేది ఇంగ్లీషు, హిందీ మాత్రమే. తెలుగు తప్ప మరో లిపి చదవలేని రోగికి ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే.

సాధారణ విరేచనాలకైతే ఇది చిన్న లోపంగా కనబడవచ్చు. పేగుపూత రోగికి అలా కాదు. ఆ జబ్బు, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, ముదిరి ఉన్నప్పుడు నల్లమందు పేగు కదలికను అణచేస్తుంది. అప్పటికే వాచి ఉన్న పెద్దపేగు ఉబ్బిపోయి, చిల్లు పడేదాకా వెళ్లవచ్చు. విరేచనాలు తగ్గాయని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయానికి కడుపు బిగుసుకుపోయి జ్వరం మొదలవుతుంది. ఆమం (అరగని పదార్థం) ఉన్న అతిసారంలో మొదట్లోనే విరేచనాలు కట్టే మందు ఇవ్వకూడదని చరకుడు చెప్పాడు. శాస్త్రం చెప్పిన ఆ జాగ్రత్త డబ్బా మీదికి రాలేదు.

మూలికా వైద్యాన్ని తగ్గించమని మేము అడగడం లేదు. దాన్ని కచ్చితంగా వాడనివ్వమని అడుగుతున్నాం. ఏ చెట్టు, ఏ భాగం, ఎంత, ఏ మందుతో కలిపి వాడవచ్చు, దేనితో వాడకూడదు అన్నది రోగికి తెలియాలి.

ముందు రోగ నిర్ణయం సంగతి. మెలిపెట్టే కడుపునొప్పి, జిగట, నెత్తురుతో విరేచనాలు, బరువు తగ్గడం చూడగానే ఆయుర్వేదం చెప్పే ‘గ్రహణి’ అని రాసి అరిష్టం (పులియబెట్టి చేసే ద్రవ మందు) ఇచ్చి పంపడం తేలిక. కానీ అవే లక్షణాలు అమీబియాసిస్‌లో ఉంటాయి, అల్సరేటివ్ కొలైటిస్‌లో ఉంటాయి, పేగుల గోడలు వాచే క్రోన్స్ వ్యాధిలో ఉంటాయి, మన దేశంలో క్రోన్స్‌లాగే కనిపించి వైద్యులను తికమకపెట్టే పేగుల క్షయలోనూ ఉంటాయి. ఆయుష్ ఆసుపత్రుల ఓపీలో ఇలాంటి లక్షణాలు నాలుగు వారాలు దాటిన ప్రతి రోగికీ మల పరీక్ష, హిమోగ్లోబిన్, మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్షలు చేయాలని మీ శాఖ ఆదేశించాలి. క్యాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే కొలనోస్కోపీకి (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు) పంపాల్సిందే. రోజుకు ఆరు సార్లు గానీ అంతకు మించి గానీ నెత్తురు విరేచనాలు, వాటితో పాటు నాడి నిమిషానికి 90 దాటడమో, జ్వరమో, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడమో ఉంటే అది ఓపీలో కషాయం ఇచ్చే రోగం కాదు. అదే రోజు పెద్దాసుపత్రిలో చేర్చాలి.

ఇక మోతాదు. పసుపునే తీసుకుందాం. అందులో పనిచేసే ముఖ్య పదార్థం కర్క్యుమిన్. జపాన్ వైద్యులు 2006లో ప్రచురించిన పరీక్షలో, వ్యాధి సద్దుమణిగిన అల్సరేటివ్ కొలైటిస్ రోగులకు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్‌ను రెండు పూటలుగా ఆరు నెలలు ఇచ్చారు. లెక్కకు వచ్చిన 43 మందిలో ఇద్దరికి వ్యాధి తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి తిరగబెట్టింది. అయితే రెండు వర్గాలూ ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే సల్ఫాసలజైన్ గానీ మెసలమైన్ గానీ మానకుండా వేసుకుంటూనే ఉన్నారు. ఈ సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనబడదు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకు 450 మిల్లీగ్రాములతో చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కన్నా మేలేమీ కనిపించలేదు. అంటే ఎంత వేశారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. పసుపు పొడిలో కర్క్యుమిన్ దాదాపు 3 శాతమే. 2 గ్రాములు అందాలంటే రోజుకు 65 గ్రాములకు పైగా పొడి తినాలి, అది జరిగే పని కాదు. ‘పసుపు సారం 500 మి.గ్రా.’ అని మాత్రమే రాసి, అందులో కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) ఎంతో చెప్పని మాత్రతో వైద్యుడు మోతాదు లెక్క కట్టలేడు. ఒంటికి పట్టడానికని మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలిపితే మరో చిక్కు. అది ఫెనిటాయిన్ (మూర్ఛ మందు), థియోఫిలిన్ (ఉబ్బసం మందు) వంటి మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది. పసుపు సారంతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాబట్టి సారంలో క్రియాశీల పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో రాయడం తప్పనిసరి చేయండి.

కొడిశపాల పట్ట విషయంలో మోసం మరో తీరులో జరుగుతుంది. కుటజం అంటే కొడిశపాల. దాని చేదుకూ, అమీబాను అణిచే గుణానికీ మూలం కొనెసిన్ వంటి ఆల్కలాయిడ్లు. దాని బదులు అంకుడు చెట్టు పట్ట కలుస్తుంటుంది. ఎండిపోయి ముక్కలైన పట్టను కంటితో గుర్తుపట్టడం కష్టం, పొడి చేశాక అసాధ్యం. కొనెసిన్‌ను ప్రమాణంగా పెట్టి థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ (పదార్థాలను విడదీసి చూపే పరీక్ష) చేస్తే తేలిపోతుంది, ఇది ప్రతి జిల్లా కేంద్రంలోనూ చేయదగిన పరీక్షే. కుటజారిష్టంలో పట్ట, బెల్లం చెరో 4.8 కిలోలు పడతాయి. సగం పట్ట అంకుడుదైతే సీసాలో కొడిశపాల పాలు సగానికి పడిపోతుంది. పైగా పట్ట చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. గిరాకీ పెరిగేకొద్దీ కల్తీ పెరగడానికి అదీ ఒక కారణం. ఔషధ మొక్కల బోర్డు ఈ చెట్టు సాగు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మారేడు సంగతీ అంతే. విరేచనాలు కట్టడానికి శాస్త్రం చెప్పింది లేత కాయ, పండు కాదు. పండిన గుజ్జు విరేచనం చేయిస్తుంది. ‘మారేడు’ అని రాసి ఊరుకుంటే సరిపోదు.

అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టే ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం ఉంటుంది. క్రోన్స్ వ్యాధికి మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ల కాలేయానికి అది అదనపు భారం. అమీబా విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ వాడే రోజుల్లోనూ అరిష్టం వద్దు. ఈ రెండు మాటలు సీసా మీద పట్టే చోటు ఉంది.

మేము ఎక్కువగా భయపడేది అతిమధురం గురించి. కడుపులో మంటకు, పూతకు మంచిదని చాలా చూర్ణాల్లో కలుపుతారు. అందులోని గ్లిసిరైజిన్ శరీరంలోని పొటాషియంను బయటికి పంపి రక్తపోటు పెంచుతుంది. పేగు వాపుకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా పొటాషియంను తగ్గిస్తుంది, విరేచనాలూ తగ్గిస్తాయి. మూడూ ఒకే మనిషిలో కలిస్తే కండరాలు నీరసించి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అంతేకాదు, గ్లిసిరైజిన్ ప్రెడ్నిసొలోన్ శరీరంలో కరిగిపోవడాన్ని ఆలస్యం చేసి దాని ప్రభావం పెంచుతుంది. ఆ రోగికి ‘స్టెరాయిడ్ మానేయండి, చూర్ణం చాలు’ అని ఎవరైనా చెబితే మరీ ప్రమాదం. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంట్లో అడ్రినల్ గ్రంథి మందగించి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం వరకూ రావచ్చు. లేబుల్ మీద లేకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన చూర్ణాలతోనూ ఇదే జరుగుతుంది. మొదటి వారంలోనే నొప్పి మాయమై, ముఖం ఉబ్బి, ఆకలి విపరీతంగా పెరిగితే దాన్ని మూలిక మహిమ అనుకోకూడదు, ఆ పొడిని స్టెరాయిడ్ పరీక్షకు పంపాలి. ఆ పరీక్షను రోగి ఉచితంగా చేయించుకునే ఏర్పాటు చేయండి.

చివరగా సీసం. సీసం ఒంట్లో చేరితే వచ్చే ముఖ్య లక్షణాలు మెలిపెట్టే కడుపునొప్పి, రక్తహీనత. పేగు జబ్బు రోగికి ఆ రెండూ ముందే ఉంటాయి కాబట్టి మందు వల్ల వచ్చిన నొప్పిని జబ్బు ముదిరిందనుకుని మందు పెంచుతారు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురిస్తే, ఐదింట ఒక వంతుకు పైగా మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. పది లక్షల భాగాలకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలు దాటకూడదని మన ప్రమాణాలే చెబుతున్నాయి. కేవలం మూలికలతో చేసిన మందులకు 2006 జనవరి నుంచి ఎగుమతికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. విదేశీ కొనుగోలుదారుకు చూపించే ఆ బ్యాచ్ ఫలితాన్ని ఇక్కడి రోగికి కూడా డబ్బా మీదే అచ్చు వేసి చూపించండి. పాదరసంతో చేసే పర్పటి మందులకు ఈ హద్దులు వర్తించవు కాబట్టి, వాటిని ఇచ్చే ముందూ తర్వాతా కిడ్నీ పరీక్ష చేసి నమోదు చేయాలని వేరే నియమం కావాలి.

మందు వికటించినప్పుడు ఫిర్యాదు చేయడానికి న్యూఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ జాతీయ కేంద్రంగా ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. దాని ఫారం ప్రతి ఆయుష్ ఓపీలో, తెలుగులో, రోగి చేతికి అందేలా ఉంచండి. అందులో ఒక గడి అదనంగా చేర్చండి: ‘ఈ మందు మొదలుపెట్టినప్పుడు మానేసిన మందు ఏది?’

ఇట్లు,
పేగు జబ్బుల రోగులకు వైద్యం చేస్తున్న ఆయుర్వేద, అల్లోపతి వైద్యులం