తేలలేదు అని రాసేస్తే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ సైన్స్ పేజీలో హార్మోన్లని దెబ్బతీసే కెమికల్స్ మీద వచ్చిన ఆర్టికల్ చదివినప్పట్నుంచీ మనసు ఊరుకోవట్లేదు, అందుకే లేటైనా రాస్తున్నా. కొందరు సైంటిస్టులు ప్రమాదం అంటున్నారు, కొందరు కాదంటున్నారు, ఇంకా తేలలేదు అని రాసి వదిలేశారు. అలా వదిలేస్తే ఎలాగండీ? ఈ తేలలేదు అనే మాట పట్టుకునే కదా యూరప్‌లో ఏళ్లకేళ్లు సాగదీసింది!

ఏ కెమికల్‌ని హార్మోన్లని దెబ్బతీసేదిగా లెక్కెయ్యాలో రూల్స్ 2013 డిసెంబర్‌కల్లా పెట్టాలని వాళ్ల చట్టంలోనే ఉంది. సరిగ్గా ఆ ఏడాదే టాక్సికాలజీ (విషపదార్థాల శాస్త్రం) జర్నల్స్ ఎడిటర్లు 18 మంది కలిసి దానికి అడ్డం చెబుతూ రాశారు, వాళ్లలో 17 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇండస్ట్రీతో సంబంధాలున్నాయని తర్వాత బయటికొచ్చింది. మీ ఆర్టికల్లో ఆ ముక్కే లేదు. ఆ రూల్స్ పెట్టాల్సిన యూరోపియన్ కమిషనేమో ఆర్థికంగా ఎంత ప్రభావం పడుతుందో లెక్క తేలాలంటూ కూర్చుంది. స్వీడన్ ప్రభుత్వం కమిషన్ మీద యూరప్ కోర్టుకెక్కితే, చట్టం అలాంటి లెక్క అడగలేదు, గడువు దాటడం తప్పే అని 2015లో కోర్టు చెప్పింది. అయినా పురుగుమందులకి ఆ రూల్స్ అమలయ్యేసరికి 2018 నవంబర్ వచ్చింది. ఆఫీసర్లకి కోర్టన్నా లెక్కలేకపోతే ఇక మామూలు జనం గోడు ఎవరికి పడుతుంది?

కొంచెమే కదా, ఏం కాదులే అనే వాదన చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. హార్మోన్లు పనిచేసేదే అతి కొంచెం మోతాదులో. కడుపులో బిడ్డకి అవయవాలు ఏర్పడే టైంలో దెబ్బ తగిలితే అది ఎప్పటికో కానీ బయటపడదు. గర్భం నిలవడానికని తల్లులకిచ్చిన డీఈఎస్ అనే కృత్రిమ హార్మోన్ మందు వల్ల వాళ్ల కూతుళ్లకి వయసొచ్చాక అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో కదా తెలిసింది.

పోనీ ప్లాస్టిక్ తయారీలో వాడే బీపీఏ అనే కెమికల్ సంగతే చూడండి. ఒంటి బరువులో కిలోకి రోజుకి 4 మైక్రోగ్రాముల దాకా పర్లేదన్న యూరప్ ఫుడ్ సేఫ్టీ సంస్థే 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకి (మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము) దించింది, అంటే 20 వేల రెట్లు తక్కువ! ఇలాంటి ప్రమాదాల్ని లెక్కగట్టే జర్మనీ ప్రభుత్వ సంస్థ మరీ అంత అక్కర్లేదంది నిజమే, కానీ వాళ్లు చెప్పిన లిమిట్ కూడా పాతదాని కంటే 20 రెట్లు తక్కువే. అంటే గొడవ ఎంత తగ్గించాలన్న దాని మీదే, పాత లిమిట్ ఎక్కువన్న దాంట్లో ఇద్దరిదీ ఒకటే మాట. ఇది మీ పాఠకులకి చెప్పొద్దా?

ఈసారి ఈ టాపిక్ మీద ఎవరి అభిప్రాయం వేసినా, వాళ్ల రీసెర్చ్‌కి డబ్బు ఎవరిచ్చారో పేరు పక్కనే వెయ్యండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు