ఆదివారం నిమ్మలకుంట: పాత బల్బులుంటే తెండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున తోలుబొమ్మలు చూడ్డానికి అనంతపురం నుంచి నిమ్మలకుంట బయల్దేరుతున్నాం. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది గానీ మనకు పరాయిదేం కాదు. 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే.

తోలుబొమ్మను చేతిలో పట్టుకుని చూస్తే సగమే చూసినట్టు. మేకతోలును వెలుగు దాటేంత పలచగా చేసి రంగులద్దుతారు. వెనక దీపం పెడితే ఎర్ర రంగు ఎరుపునే వదిలి, మిగతా వెలుగును చాలావరకు మింగేస్తుంది. నగల దగ్గర పొడిచిన చిల్లుల్లోంచి మాత్రం వెలుగు నేరుగా వస్తుంది. ఆ మెరుపు అందుకే.

పూర్వం ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. వెలుగు చిన్నచోటు నుంచి వస్తే నీడ అంచు పదునుగా ఉంటుంది, ట్యూబ్‌లైటుకు అలుక్కుపోతుంది. తెల్ల ఎల్ఈడీలో సాధారణంగా పుట్టేది నీలం వెలుగు. ఫాస్ఫర్ పూత అందులో కొంత పసుపుగా మారుస్తుంది. చవక రకాల్లో ఎరుపు తక్కువ, బొమ్మల ఎరుపు వాడినట్టు కనిపిస్తుంది. నా ఓటు పాత ఫిలమెంటు బల్బుకే, కరెంటు ఎక్కువ తాగినా సరే!

పిల్లల్నీ పిలుచుకొని రండి. వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే పేరు పెట్టండి, బండ్లు మాట్లాడాలి.