వీధి దీపాలకు గొడుగులు కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, సరిహద్దును ఆనుకున్న ఊరు. గత వైశాఖంలో మా తమ్ముడి పెద్దమ్మాయి పెళ్ళి జరిగింది. పురోహితుడు గారు వధూవరులను పందిరి బయటికి తీసుకువచ్చి ఉత్తరం వైపు వేలు చూపించారు. వైశాఖంలో సప్తర్షి మండలం పొద్దుగూకగానే ఎత్తున ఉంటుంది. వసిష్ఠుడు కనిపించాడు. ఆయనను అంటిపెట్టుకుని సన్నగా మెరిసే అరుంధతి మాత్రం ఎవరికీ ఆనలేదు. ముసలివాణ్ణి నాకే కాదు, పెళ్ళికూతురికీ కనిపించలేదు. కూడలిలో కొత్తగా వేసిన ఎత్తైన స్తంభం దీపాల తెలుపు ఆకాశమంతా పరుచుకుని ఉంది.

దీపాలు వద్దని నేను అనను. పాముల భయంతో చీకట్లో నడిచి పెరిగినవాళ్ళం. అయితే వెలుగు దారి మీద పడాలి. ఈ దీపాలు పైకీ పక్కలకూ చిమ్ముతున్నాయి. పైగా నీలం పాలు ఎక్కువగా ఉన్న తెల్లని ఎల్‌ఈడీ కాంతి గాలిలో మరింతగా చెదిరి చుక్కలను మింగేస్తుంది.

మా పిల్లలు ఒడియా బడిలో చదువుతారు. 1835లో ఖండపడాలో పుట్టి, దూరదర్శిని లేకుండా, వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలతో గ్రహగతులు లెక్కగట్టి ‘సిద్ధాంత దర్పణం’ రాసిన పఠాణి సామంత గురించి వారికి తెలుసు. అది నాకు గర్వకారణం. కానీ పిల్లలకోడి (కృత్తికలు), మంచంకోళ్ళు, గొల్లకావడి అని చుక్కల గుంపులకు మన పల్లెల్లో పిలిచే పేర్లు బడిలో దొరకవు. అవి వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టి పెద్దవాళ్ళు చూపిస్తేనే వస్తాయి. కార్తీకంలో పిల్లలకోడి సందెవేళ తూర్పున పొడిచి తెల్లవారేసరికి పడమటికి వాలుతుంది. అది వాలడం చూసే మా నాయన పొలానికి బయలుదేరేవాడు. మొన్న కార్తీకంలో మనవరాలిని మేడ మీదికి తీసుకువెళ్ళాను. ఆరు చుక్కలు ఉండవలసిన చోట చిన్న మసక మరక ఉంది. “కోడి ఏది తాతయ్యా? పిల్లలేవి?” అని అడిగింది. చూపించలేకపోయాను.

మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో చీకటి ఆకాశ ఉద్యానంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అక్కడి గ్రామాల్లో వీధి దీపాలను నేలవైపు తిప్పారు. మేము అంత పెద్ద గుర్తింపు అడగడం లేదు. దీపాలకు పైన రేకు గొడుగులు, తెలుపు బదులు పసుపు వెలుగు, రాత్రి పదకొండు దాటాక కాంతి తగ్గింపు చాలు.

మా తమ్ముడి చిన్నమ్మాయికి వచ్చే వైశాఖంలో ముహూర్తం కుదిరింది. ఆలోగా కనీసం ఆ కూడలి స్తంభానికైనా గొడుగులు బిగించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా