విగ్రహానికి గాజు బీరువా ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

మ్యూజియం బాగుచేయాలంటే మన దగ్గర అంచనాలు ఎప్పుడూ ఒకే తీరుగా తయారవుతాయి. గ్రానైట్ ఫ్లోరింగుకు ఇంత, గాజు బీరువాలకు ఇంత, లైట్లు, రంగులు, బయట బోర్డు. ఆ బీరువాలో విగ్రహం దేని మీద నిలబడాలి, దాన్ని ఏది పట్టుకోవాలి అన్న మాట, అంటే మౌంటు (వస్తువును మోసి పట్టుకునే ఆసరా) మాట, ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. ప్రారంభోత్సవానికి ముందురోజు ఎవరో ఒకరు చెక్క దిమ్మె, సిమెంటు, బైండింగ్ వైరుతో ఆ పని ముగించేస్తారు. వెయ్యేళ్లు నిలిచిన వస్తువు పాడవడం అక్కడే మొదలవుతుంది.

రాయలసీమలో ఎక్కువగా కనిపించే వీరగల్లునే, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా చెక్కి నిలిపిన రాయినే తీసుకుందాం. 4 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 8 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ రాయి దాదాపు 400 కిలోలు తూగుతుంది. భూమిలో పాతిన రాయి కాబట్టి అడుగు భాగం సమంగా ఉండదు. ఆనే చోటు 3 అంగుళాలే అయితే, పైకొస 3 అంగుళాలు ఒరిగితే చాలు, రాయి పడిపోతుంది. సెలవురోజు పిల్లలు ఎగబడి చూసే హాల్లో ఆ 3 అంగుళాలు ఎంత? ఈ భయంతోనే చాలామంది అడుగును సిమెంటులో పూడ్చేస్తారు. పూడ్చాక రాయి కదలదన్నది నిజమే. కానీ సిమెంటులోని లవణాలు తేమతో పాటు రాయిలోకి ఎక్కి, ఆరేటప్పుడు తెల్లగా పొంగి, చెక్కడం పొరలుగా రాలుతుంది. లోపల ఇనుప కడ్డీ కూడా పెట్టి ఉంటే అది తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది. తర్వాత రాయిని బయటికి తీయాలంటే ఉలితో సిమెంటును కొట్టాలి, ఆ దెబ్బ రాతికి తగలకుండా తీయడం దాదాపు అసాధ్యం.

చేయవలసింది వేరు. రాయి అడుగు ఆకారాన్ని అట్ట మీద గీసుకుని, ఆ గీతకు తగ్గట్టు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో తొట్టి లాంటి పీఠం చేయించాలి. రాయికీ స్టీలుకూ మధ్య పాలిథిన్ ఫోమ్ గానీ సీసపు రేకు గానీ పరచాలి. వెనక, రాయి ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, మెత్త అతికించిన ఒక కొక్కెం ఉండాలి. బరువంతా అడుగే మోస్తుంది. కొక్కెం పని రాయి ఒరగకుండా ఆపడం మాత్రమే. ఈ రెండు పనుల్నీ కలిపేసి, బరువును కొక్కేనికి వేలాడదీసిన చోటే రాళ్లు విరుగుతాయి.

కంచు విగ్రహాలకు ఇత్తడి కడ్డీ మేలు. రెండు మూడు కిలోల విగ్రహానికి 4 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోతుంది. ముందుగా మెత్తటి టంకం తీగను విగ్రహం చుట్టూ తిప్పి ఆకారం తీసుకోవాలి, దాన్ని చూసి ఇత్తడిని వంచాలి. విగ్రహం మీదే కడ్డీని పెట్టి వంచితే, ఏళ్ల తరబడి కంచు మీద ఏర్పడిన పచ్చటి పొర గీసుకుపోతుంది. ఆ పొర పోతే మళ్లీ రాదు. కడ్డీని సన్నటి ఎరుపు వచ్చేదాకా కాచి చల్లారిస్తే చేతికి లొంగుతుంది. అతుకులకు వెండి టంకమే వాడాలి. మామూలు సీసపు టంకం మొదట బాగానే కనిపించినా కొన్నాళ్లకు అతుకు దగ్గరే ఊడుతుంది. అతికాక మిగిలిన ఫ్లక్సును (టంకం పట్టడానికి పూసే మందును) వేడినీళ్లతో పూర్తిగా కడగాలి. కడగకపోతే అది ఇత్తడిని తినడం మొదలుపెట్టి, పక్కనున్న కంచుకూ పాకుతుంది. చివర్లను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, ఆనే చోట్ల పాలిస్టర్ ఫెల్టు అతికించి, కనపడే భాగానికి విగ్రహం రంగు వేయాలి. చేయి, కిరీటపు అంచు, ప్రభ లాంటి సన్నటి చోట్ల ఎక్కడా పట్టుకోకూడదు. తొడలు, నడుము, పీఠం అంచు, ఈ మూడు చోట్లు దొరికితే చాలు.

రాగి శాసనాల విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రేకులను కలిపే ఉంగరం, ముద్ర అందంగా ఉంటాయని వాటికే మొత్తం బరువు వేలాడదీస్తారు. ఉంగరం రంధ్రం అంచు పలచన, అక్కడే రేకు చిరుగుతుంది. ప్రతి రేకునూ విడిగా, వాలుగా కిందినుంచి మోసే ఆసరా కావాలి. ముద్రకు వేరే ఆసరా ఉండాలి.

బీరువా లోపల ఏం పెడుతున్నామన్నది కూడా మౌంటు పనిలో భాగమే. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు) నుంచి ఆమ్ల ఆవిరులు వస్తాయి. మూసిన గాజులో అవి పోయే దారి లేక సీసాన్నీ రాగినీ తింటాయి. రబ్బరు, ఉన్ని ఫెల్టులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. కంచు మీద ఎక్కడో లేత పచ్చటి పొడి చుక్కలా కనిపించి, తుడిచినా మళ్లీ వస్తుంటే అది క్లోరైడ్ల వల్ల పుట్టే జబ్బు. తేమ తగ్గించడమే దానికి మొదటి మందు. వాడే పదార్థం మంచిదో కాదో తేల్చడానికి ఆడీ పరీక్ష ఉంది: వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు ఆ పదార్థాన్ని తేమ ఉన్న మూసిన గాజుపాత్రలో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి, ముక్కలు మసకబారాయా అని చూడటమే. ఇంత కష్టం లేని మార్గమూ మన కాళ్ల కిందే ఉంది. కడప బండను నున్నగా కోయించి బీరువాలో అర (షెల్ఫు)గా వాడితే ఆవిరుల బెంగే ఉండదు. ఊరంతా పరుచుకునే రాయిని వదిలి, ప్లైవుడ్‌కు రంగేసి తెచ్చుకోవడం ఎందుకో అర్థం కాదు.

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి మరీ సున్నితం. తలకు దారం కట్టి గోడకు తగిలిస్తే, భుజాలు, తుంట్ల దగ్గరి ముడుల మీద చేతులూ కాళ్ల బరువు పడి, తోలు ఆ రంధ్రాల దగ్గర చిరుగుతుంది. ఆక్రిలిక్ షీటు మీద బొమ్మను కొంచెం వాలుగా ఉంచి, ప్రతి అవయవానికీ కింద చిన్న ఆసరా ఇవ్వాలి. అంటించకూడదు. తేమ మారినప్పుడల్లా తోలు ముడుచుకుని విప్పుకుంటుంది, దానికి కదలిక కావాలి. వెనకనుంచి వెలుగు వస్తేనే ఆ బొమ్మకు ప్రాణం, నిజమే. కానీ ఆ వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదు, చూసేవాళ్లు వచ్చినప్పుడే వెలిగేలా స్విచ్ పెట్టాలి. రెండువైపులా అతుక్కునే టేపులు మన వేసవికి జారిపోతాయి, వాటి జిగురు మాత్రం తోలుకు పట్టేసి రాదు.

కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం మొదలు, పంచాయతీ ఆవరణలో నిలబెట్టిన ఒంటరి వీరగల్లు వరకూ ఏ పనికైనా అంచనాలో మౌంట్ల తయారీకి వేరే పద్దు ఉండాలని పురావస్తు శాఖను కోరుతున్నాం. చదరపు అడుగుల లెక్కన కాకుండా వస్తువు లెక్కన ధర కట్టాలి, ఎందుకంటే ఒక దానికి చేసిన ఆసరా మరో దానికి సరిపడదు. సిమెంటు, తుప్పుపట్టే ఇనుము, అంటించే టేపు వాడకూడదని టెండరులోనే రాయాలి. పని అప్పగించేముందు వస్తువును మౌంటు మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూపించమనాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా పది నిమిషాల్లో తీయలేని మౌంటుకు బిల్లు ఇవ్వకూడదు. ప్రతి మౌంటు అడుగునా వస్తువు నమోదు సంఖ్య, బరువు, ఏ మర ముందు విప్పాలో చెక్కించాలి. పదేళ్ల తర్వాత ఆ బీరువా తెరిచే ఉద్యోగి దగ్గర మన ఫైలు ఉండకపోవచ్చు.

— మ్యూజియం మౌంట్ల తయారీ పనివారు, కడప