పద్యం కోసేస్తే బొమ్మలో మనిషే లేదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం అనుబంధంలో జపాన్ వేలాడే పటాల మీద వచ్చిన వ్యాసం బాగుంది. దానికి జతచేసిన బొమ్మ చూశాకే ప్రాణం ఉసూరుమంది. సన్యాసిని రెంగెట్సు (1791–1875) గీసిన పూలకొమ్మ, మసక చంద్రుడు ఉన్న పటం అది. పేజీలో పట్టలేదు కాబోలు, బొమ్మతోపాటు ఆమె రాసిన పద్యాన్ని శుభ్రంగా కత్తిరించారు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా పిల్లల బొమ్మలకు ఉదారంగా మార్కులు వేసినదాన్ని. ఈ కత్తెరకు మాత్రం సున్నాయే.

మా అమ్మాయి కోబెలో ఉన్నప్పుడు ఆరు నెలలు తన దగ్గరున్నాను. ఒకరోజు పక్కింటి పెద్దావిడ మమ్మల్ని పిలిచి, సన్నటి చెక్కపెట్టెలోంచి ఇదే పటం తీశారు. అసలుది కాదు, అచ్చుప్రతి. అయినా విప్పిన తీరు చూడాలి! కొక్కెం ఉన్న కర్రతో తాడును పైకెత్తి తగిలించి, అడుగు కర్రను రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించారు. తర్వాత బొమ్మ జోలికే పోలేదు. వేలు తగలనీయకుండా అక్షరాల వెంట ఆడిస్తూ పైనుంచి కిందికి చదివారు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది.

31 మాత్రల ‘వాకా’ పద్యం. రాత్రికి చోటివ్వని వారి కాఠిన్యమే నాకు దయ అయింది, మసక వెన్నెల్లో పూల కింద పడక దొరికింది, అని భావం. మన చాటుకవికి ఇదే జరిగి ఉంటే ఆ ఊరికి శాపనార్థాలు తప్పేవి కావు!

ఇద్దరు భర్తలనూ కన్నబిడ్డలనూ పోగొట్టుకుని, మట్టిపాత్రల మీద తన పద్యాలు చెక్కి అమ్ముకుని బతికిన మనిషి ఆవిడ. రాత సన్నగా, మల్లెతీగలా జారుతుంది. పూలు గీసిన కుంచె, సిరాలే అక్షరాలకూ. పైగా ఆ పటంలో పూలున్నాయి, చంద్రుడున్నాడు, చెట్టు కింద పడుకున్న మనిషి లేదు. ఆమె ఉన్నది పద్యంలోనే. అది తీసేస్తే మీరు వేసింది క్యాలెండర్ బొమ్మ.

కుర్రతనంలో ఆమె దగ్గరే ఉండి పనుల్లో సాయపడిన తొమియోకా తెస్సాయ్, తర్వాత పెద్ద చిత్రకారుడయ్యాడు. నా బొమ్మ చూసేవారు ముందు పైనున్న రాత చదవండి అనేవాడట. ఆయన మాట అక్కడివారే వినేవారో లేదో, మనం వింటే తప్పేముంది?

వచ్చే ఆదివారం ఆ పటాన్ని పూర్తిగా వేయండి. అగ్గిపెట్టెంత వేసినా సరే, పద్యం చివర ఆమె సంతకం కూడా ఉండాలి. రెంగెట్సు అంటే తామర, చంద్రుడు అని అర్థం.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచరు, తెనాలి