అతుకు కుదిరింది బావా

పెదవాల్తేరు,
విశాఖపట్నం

ఒరేయ్ బావా,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదని అలిగావట. మీ చెల్లెలు చెప్పింది. రెండుసార్లూ నా చేతుల నిండా మైనమేరా. ఏం మైనం, ఎందుకు అంటావా, అందుకే ఈ ఉత్తరం.

జగదాంబ దగ్గర ఒక పూల్ పార్లర్ మూసేస్తుంటే ఎనిమిది అడుగుల పూల్ టేబుల్, అదే బిలియర్డ్స్ లాంటి ఆటది, కొన్నానని చెప్పాను కదా. దాని మీద క్లాత్ కింద పరిచేది ఒక్కటే రాయి అనుకునేవాడిని. కాదు, మూడు పలకలు. ఒక్కోటి అంగుళం మందం, సుమారు 70 కిలోలు. మేడ మెట్ల మీద నలుగురు కుర్రాళ్లు వాటిని నిలువుగా పట్టుకుని ఎక్కిస్తుంటే కింద మీ చెల్లెలు దండకం చదివింది. మూల మీద ఆనిస్తే పెచ్చు ఊడిపోతుందని నా గుండె దడ నాది.

బిగించడానికి వచ్చినతను రెండు గంటల్లో పని ముగించాడు. అతుకుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూరి, పైన క్లాత్ లాగి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే మొదటి ఆట. మెల్లగా కొట్టిన బంతి అతుకు దగ్గరికి వచ్చేసరికి టక్‌మంది. దువ్వాడ దగ్గర రైలు పట్టాలు మారినప్పటి చప్పుడే అనుకో. అక్కడి నుంచి బంతి తనకిష్టమైన దారి పట్టింది. వారం తిరిగేసరికి ప్లాస్టర్ పొడై క్లాత్ కింద ఇసుకలా చేతికి తగలడం మొదలైంది.

అతనికి ఫోన్ చేస్తే ‘వాడగా వాడగా సెట్ అయిపోద్ది సార్’ అన్నాడు. చెప్పులనుకున్నాడు కాబోలు.

మా పక్కింటి బాబాయ్ నీకు గుర్తున్నారా, షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు? పూల్ ఆడటం ఆయనకు రాదు. వచ్చి, క్లాత్ విప్పించి, అతుకు మీద అడ్డంగా గోరు గీశారు. ‘ఏట్రా ఇది, మెట్టుంది. మెట్టు మీద పిండి పూస్తే మెట్టు పోద్దా?’ అన్నారు. నా దగ్గరున్న మేస్త్రీల రసమట్టం పెడితే బుడగ బుద్ధిగా మధ్యలోనే నిలబడింది. ఆయన తెచ్చిన ప్రెసిషన్ లెవెల్ పెడితే బుడగ ఒక చివరికి పారిపోయింది. దాని మీద ఒక్కో గీత మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చూపిస్తుంది. ఆ గాజు గొట్టాన్ని చేత్తో పట్టుకోనివ్వరు, చెయ్యి వేడికే బుడగ కదులుతుందట. పెట్టాక అది కుదురుకునేదాకా ఊరుకోవాలి. నా వల్ల ఎక్కడవుతుంది చెప్పు!

మొత్తం విప్పాం. ముందు కింద చెక్క ఫ్రేమును కాళ్ల దగ్గర సరిచేశాం. తర్వాత మధ్య పలక, దాన్నిబట్టి అటొకటి ఇటొకటి. రాయికీ ఫ్రేముకీ మధ్య సన్నని చీలికలు పెట్టి ఎత్తాలి. నేను పాత పేకముక్కలు తెచ్చాను. ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, సరిపోతుందనుకున్నాను. బాబాయ్ పక్కన పడేశారు. సముద్రపు గాలికి పేపరు చెమ్మ పీల్చి ఉబ్బుతుందన్నారు. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరిస్తే వచ్చే రేకు ఆ ముక్కలో మూడో వంతే ఉంటుంది, చెమ్మతో దానికి పని లేదు. మా పిల్లలు ఆ రోజు నా పేరు చెప్పి మూడు టిన్నులు తాగారు.

అసలు పేచీ స్క్రూల దగ్గర. రేకు పెట్టి సమం చేస్తావు, స్క్రూ బిగిస్తావు, పలక ఒక వెంట్రుకవాసి దిగుతుంది. మళ్లీ విప్పు, మళ్లీ పెట్టు. ఒక అతుకు కుదిరిందని సంబరపడేలోపు రెండోది లేచేది. ఆ ఒక్క పనికే రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి కళ్లు మూసుకుని గోరు గీస్తే అతుకు ఎక్కడుందో నాకు తెలియలేదు. అప్పుడు ఆయన మైనం తెమ్మన్నారు.

కొవ్వొత్తి మైనం కాదు, తేనె మైనం. కొవ్వొత్తిది పెళుసు, పెచ్చులుగా లేస్తుంది. పూర్ణా మార్కెట్‌లో మూలికల కొట్టులో దొరికింది, వాసన చూస్తే అరకు తేనె గుర్తొచ్చింది. అది కరగడానికి 60 డిగ్రీలు దాటాలి కాబట్టి మన మే నెల ఎండకు గదిలో భయం లేదు. ముందు మంట వచ్చే టార్చ్‌తో రాయిని కాస్త వేడి చేయాలి, చల్లటి రాయికి మైనం అంటదు. మంట కదలకూడదని ఫ్యాన్ కట్టేశాం. మన ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, అతుకులో చెమట చుక్క పడకుండా నా తలకు తువ్వాలు చుట్టారు. కరిగిన మైనాన్ని అతుకులోనూ స్క్రూ గుంటల్లోనూ పొంగేలా పోసి, పూర్తిగా గట్టిపడకముందే వెడల్పాటి బ్లేడుతో గీకేశాం. నల్లరాయి మీద పసుపు గీత ఒక్కటే మిగిలింది. నువ్వు ఫోన్ చేసింది సరిగ్గా అప్పుడే.

గీకుతుంటే ఒకటో తరగతిలో మన మార్కాపురం పలకలు గుర్తొచ్చాయిరా. ఇదీ ఆ జాతి రాయే. ఒకప్పుడు ఈ టేబుళ్ల మీద చెక్కే పరిచేవారట. అది చెమ్మకు వంగిపోతుంటే, 1826లో లండన్‌లో థర్‌స్టన్ అనే టేబుళ్ల తయారీదారు పలకరాయి పరిచాడు. మన ఊళ్లో చెక్కది వేసుంటే ఒక్క వానాకాలానికే అప్పడమయ్యేది.

కొత్త క్లాత్ వేశాక బంతిని ఊదినంత మెల్లగా వదిలాను. రెండు అతుకులూ దాటి, చప్పుడు లేకుండా చివరి కుషన్, అదే టేబుల్ అంచు రబ్బరు, దాకా వెళ్లి ఆగింది. బాబాయ్ కాఫీ తాగి వెళ్లిపోయారు, ఒక్క ఆటైనా ఆడలేదు.

ఒక్క మూల మాత్రం లెవెల్ మీద గీతన్నర దిగువకు చూపిస్తోంది. ‘దానికోసం మళ్లీ విప్పకు, ఎవడికీ తెలీదు’ అన్నారాయన. నాకు తెలుసుగా. సంక్రాంతికి వస్తావు కదా, పాత బాకీ రెండు ఆటలున్నాయి. ఆ మూల ఏదో మాత్రం అడక్కు.

నీ
బావ